ప్రొద్దుపొడుపున కుంటుచు నడచినవాడు

ధ్యాన వాక్యభాగములు: ఆదికాండము 32:22-32, 33:12-17, నిర్గమకాండము 21:18, 19, హెబ్రీయులకు 11:21



యాకోబు పేరు చెప్పగానే మనకు అతని యుక్తియు, అన్నను మోసపుచ్చిన సంగతియు జ్ఞాపకమునకు వచ్చును. అతడు గొప్ప పనివాడను మాట మనము అంతగా తలంచము. హారానులో బావిమీది పెద్ద రాతిని తీయుటకు కాపరులందరు వచ్చి కూడువరకు ఆగుట అచ్చటి వాడుక. యాకోబు రాహేలును, ఆమె వెంట వచ్చు మందను చూచి, తానొక్కడే ఆ రాతిని దొర్లించివేసెను. తరువాత ఇరువది యేండ్లు పగటి యెండకును రాత్రి మంచుకును ఓర్చి మామ మందలను కాచెను. ఊరక కూర్చుండుట అతని యెముకలలో లేదు. అట్టి మనుష్యుని దేహములో దేవుడు తాకిన చోటు ఏది? కన్ను కాదు, చెయ్యి కాదు, తుంటి.

తుంటి కీలు మన దేహపు బరువును మోయు పెద్ద కీలు. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండి, నడుము క్రింది యెముకలోనున్న గిన్నెవంటి గుంటలో ఇమిడి తిరుగుచుండును. వరినాట్లు వేయు స్త్రీ వంగినను, బస్తా మోయువాడు నిలిచినను, కుస్తీ పట్టువాడు కాలూనినను, వారి బలమంతయు ఆ గిన్నెలోని బంతిమీదనే యున్నది. అది నొచ్చినయెడల చేతులెంత బలమైనవైనను ఏమి లాభము? పనిచేయువానికి పనియే పోవును.

ఈ మాసము మనము ధ్యానింపవలసిన సంగతి ఇదియే. చురుకుగా తిరిగినవాడు కుంటివాడై మరల నడక నేర్చుకొనవలసి వచ్చినపుడు, ఆ నడకలో దేవుడు ఎక్కడ నుండును?

1. తాకబడిన తుంటి

మేము ఈ సంగతిని పుస్తకములనుండి మాత్రమే వ్రాయుటలేదు. మా కుడి తుంటికి శస్త్రచికిత్స జరిగి పదునొకండు మాసములైనది. నలువది యారేండ్ల వయస్సున, అయిదు గ్రామముల సంఘములను మోటారుసైకిలుమీద తిరుగుచు, ఆదివారమున మూడు ఆరాధనలు జరిపించుచుండగా, మొదట గజ్జలలో చిన్న నొప్పిగా ప్రారంభమైనది. కొంతకాలమునకు కాలు ఎత్తి బండి ఎక్కుట కష్టమైనది. పరీక్షలు చేసిన వైద్యులు, తొడయెముక బంతికి రక్తము సరిగా అందక ఆ భాగము చచ్చి క్రుంగిపోవుచున్నదని చెప్పిరి. మన దేశములో వృద్ధులకే గాక నడివయస్సువారికిని, యౌవనులకును ఈ వ్యాధి వచ్చుచున్నది. దీర్ఘకాలము స్టెరాయిడు మందులు వాడుటచేతను, మితిమీరిన మద్యపానముచేతను, దెబ్బతగులుటచేతను ఇది రావచ్చును. కొందరి విషయములో ఏ కారణమును కనబడదు. మా సంగతి అట్టిదే.

ఆ కారణములలో మద్యపానమను మాట ఊరిలోనికి ఎట్లు వచ్చెనో గాని వచ్చెను. ఇక వీధి అరుగులమీద గుసగుసలు బయలుదేరెను. మంచి మనస్సుగల ఒక పెద్దమనిషి మా యింటికి వచ్చి, గొంతు తగ్గించి, "అయ్యగారూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, ఎక్కడైనా ఏదైనా దోషం జరిగిందేమో కాస్త ఆలోచించుకోండి" అని చెప్పిపోయెను. ప్రియులారా, యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూచి అడిగిన ప్రశ్నయు ఇదే గదా! వాని పాపమా, వాని తలిదండ్రుల పాపమా అని వారు అడిగిరి. ప్రభువు ఆ రెండింటిని త్రోసివేసి, దేవుని క్రియలు వానియందు ప్రత్యక్షపరచబడవలసి యున్నవని చెప్పెను. త్రాగుడువలన వచ్చు వ్యాధులు లేవని మేము చెప్పము. ఉన్నవి. దానిని మానవలసినవారు నేడే మానవలెను. అయితే రోగి మంచమునొద్దకు పోవు విశ్వాసి చేయవలసిన పని విచారణ కాదు, పరామర్శ.

యాకోబు తుంటి శిక్షగా తాకబడినదని చెప్పుటకు వాక్యములో ఆధారము లేదు. తాకిన చెయ్యియే దీవించినది. అదే రాత్రి, అదే చోట, అదే పెనుగులాటలో అతనికి గాయమును క్రొత్త పేరును కలిగెను. మరియొక సంగతి గమనించుడి. బేతేలునకు వచ్చిన దినమున ప్రొద్దు గ్రుంకినదని ఇరువది యెనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. పెనూయేలు దాటునపుడు ప్రొద్దు పొడిచినదని ముప్పది రెండవ అధ్యాయము చెప్పుచున్నది. గట్టి కాళ్లతో పరుగెత్తినపుడు అతనికి చీకటి పడెను. కుంటుచు వచ్చునపుడు తెల్లవారెను.

ఇంకను చూడుడి. ఆ పెనుగులాటకు ముందు యాకోబు కానుకలను ముందుగా పంపి, ఆలుబిడ్డలను ఏరు దాటించి, తాను వెనుక నిలిచెను. తుంటి నొచ్చిన తరువాత అతడే అందరికి ముందుగా నడిచి, అన్న యెదుట ఏడుమారులు సాగిలపడెను. పరుగెత్తగలిగినంతకాలము వెనుక నుండినవాడు, పరుగెత్తలేని దినమున ముందునకు వచ్చెను. బలము పోయినపుడు ధైర్యము వచ్చెను. ఇది దేవుని పని గాక మరేమి?

శస్త్రచికిత్స చేయించుకొనుట విశ్వాసలోపమని తలంచువారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. హిజ్కియా రాజునకు స్వస్థత కలుగునని దేవుడు మాట యిచ్చిన తరువాతనే, యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టుడని చెప్పెను. వాగ్దానమును వైద్యమును ఒకే ప్రవక్త నోట వచ్చినవి. నేడు చేయుచున్న తుంటి మార్పిడి చికిత్సకు త్రోవ వేసినవారిలో ముఖ్యుడు ఇంగ్లాండు దేశపు వైద్యుడైన సర్ జాన్ చార్న్‌లీ. లాంకషైరులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో ఆయన మొదట టెఫ్లాను అను పదార్థముతో గిన్నెలు చేయించి అమర్చెను. కొన్ని యేండ్లలోనే అవి అరిగిపోయెను. అప్పుడాయన పని విడిచిపెట్టలేదు. ఆ పదార్థమువలన దేహమునకు కీడు కలుగునో లేదో తెలిసికొనుటకు దాని ముక్కలను తన తొడలోనే పెట్టుకొని పరీక్షించెను. 1962 నవంబరు మాసమున గట్టి పాలిథీను గిన్నెను, ఉక్కు బంతిని వాడి శస్త్రచికిత్స చేసెను. అది నిలిచినది. నేడు లోకములో ఎందరో ఆ మార్గమున మరల లేచి నడచుచున్నారు. అరిగిపోయిన గిన్నెను చూచి దాచిపెట్టక, దాని నొప్పిని తన దేహముననే పరీక్షించినవాని సహనమును బట్టి మనము దేవుని స్తుతింపవచ్చును.

2. మంచము

నిర్గమకాండము ఇరువది యొకటవ అధ్యాయములో మనము తరచుగా చదువక దాటిపోవు ఒక కట్టడ యున్నది. ఇద్దరు పోట్లాడునపుడు ఒకడు రెండవవానిని రాతితోనో పిడికిలితోనో కొట్టెననుకొనుడి. దెబ్బతిన్నవాడు చావక మంచమున పడెను. తరువాత లేచి, కర్ర ఊతగా వెలుపల తిరుగగలిగెను. అట్టియెడల కొట్టినవాడు ఏమి చేయవలెను? వానికి పనిలేక పోయిన దినముల నష్టము చెల్లించి, వానిని పూర్తిగా బాగుచేయింపవలెను. ఇది మోషే ధర్మశాస్త్రము.

ఈ చిన్న కట్టడలో మూడు సంగతులున్నవి. మంచముమీద గడచిన దినములకు దేవుని యెదుట వెలయున్నది. కర్ర పట్టుకొని వెలుపల తిరుగుట సిగ్గుకు కాదు, బ్రదుకునకు గురుతు. లేచి తిరుగుటతో పని తీరదు. పూర్తిగా బాగగువరకు భారము మోయవలెను.

పనివానికి మంచము కష్టమైన పాఠశాల. నొప్పి అంత కష్టము కాదు, దానికి మందులున్నవి. ఆదివారము గంట మ్రోగునపుడు తాను పడుకొనియుండుట కష్టము. పొద్దుననే పొలము పోవువారి మాటలు కిటికీలోనుండి వినుట కష్టము. ఒకరు చెంబుతో నీళ్లు పోయుటయు, ఒకరు మేజోళ్లు తొడుగుటయు కష్టము. ప్రభువు పేతురుతో, యౌవనమున నీవే నడుము కట్టుకొని తిరిగితివి, వృద్ధాప్యమున నీ చేతులు చాచగా మరియొకడు కట్టునని యోహాను సువార్త కడపటి అధ్యాయములో చెప్పెను. అది పేతురు మరణమును గూర్చిన మాట. అయినను చేతులు చాచుట నేర్చుకొనుట ప్రతి రోగికిని అవసరమే. ఇచ్చుటయే ఎరిగిన చేతులకు పుచ్చుకొనుటయు ఒక కృపయే.

ఏలీయా బదరీవృక్షము క్రింద ఇక చాలునని పడుకొనినపుడు, దేవదూత అతనికి ప్రసంగము చెప్పలేదు. తట్టి లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రింపనిచ్చెను, రెండవమారు తట్టి లేపి, ప్రయాణము దూరమున్నదని జ్ఞాపకము చేసెను. నిద్ర, భోజనము, మరల లేచుట, ఇదియే దేవుడు ఏర్పరచిన వరుస. కేవలము నిద్రయు కాదు, కేవలము లేచుటయు కాదు.

3. మెల్లని నడక

శస్త్రచికిత్స జరిగిన మరునాడు ఉదయముననే నర్సమ్మ వచ్చి, "పాస్టరుగారూ, లేవండి. ఈ వాకరు పట్టుకోండి. నాలుగడుగులు వేస్తే చాలు" అనెను. మాతోకూడ ఉండుటకు మా సంఘమునుండి వచ్చిన పెద్దమ్మ అడ్డుపడి, "అయ్యగారూ, కదలమాకండి. కదిలితే లోపలి ఇనుము ఊడిపోద్ది" అని ఏడ్చెను. ఇంటికి వచ్చిన పదియవ దినమున మరియొక సహోదరుడు వచ్చి, "విశ్వాసముంటే ఆ కర్రెందుకండీ అయ్యగారూ, పారెయ్యండి" అనెను. ఇద్దరును ప్రేమించినవారే. కదలవద్దని ప్రేమ, కర్ర పారవేయుమని ప్రేమ. రోగి ఈ రెండు ప్రేమల నడుమ త్రోవ చూచుకొనవలెను.

ఆ త్రోవ యాకోబు మాటలలో కనబడుచున్నది. ఏశావు తమ్మునితో, కలిసి వెళ్లుదము, నీకు ముందుగా నేను సాగెదననెను. నాలుగు వందలమంది మనుష్యులతో వచ్చినవాని నడక అది. యాకోబు, పిల్లలు పసివారని, మందలో పాలిచ్చునవి యున్నవని, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చునని చెప్పి, పిల్లల నడకకును పశువుల నడకకును తగినట్లు తాను మెల్లగా వచ్చెదననెను. తుంటి నొచ్చినవాని నోట ఈ మాట ఎంత సరిగా అమరినది! తరువాత సుక్కోతు చేరి అక్కడ ఇల్లు కట్టుకొని ఆగెను. మెల్లగా వచ్చినవాడును కనాను చేరెను.

ఒక్క దినము వడిగా తోలినను నష్టమే. తుంటి చికిత్స పొందినవారు ఈ మాటను గోడమీద వ్రాసికొనదగును. కోసిన కండ అతుకుటకును, కీలు చుట్టు నరములు బిగియుటకును వారములు పట్టును. మొదటి ఆరు మొదలు పండ్రెండు వారములు చాలమంది వైద్యులు కొన్ని కట్టడలు పెట్టుదురు. మోకాలు తుంటికంటె ఎత్తుకు రాకుండ ఎత్తైన కుర్చీమీద కూర్చుండవలెను. కాలుమీద కాలు వేయరాదు. పాదమును లోపలికి త్రిప్పరాదు. నేలమీద బాసిపెట్టు వేయుటయు, గొంతుకూర్చుండుటయు కూడదు. పడుకొనునపుడు కాళ్ల నడుమ దిండు పెట్టుకొనవలెను. కోసిన మార్గమును బట్టి ఈ కట్టడలు మారును గనుక, ప్రతివాడు తన వైద్యుడు చెప్పినదే చేయవలెను గాని పొరుగువాడు చేసినది కాదు.

అయితే వడిగా తోలుట ఎంత అపాయమో, అసలు తోలకుండుటయు అంత అపాయమే. మంచముననే పడియున్నయెడల కాలినరములలో రక్తము గడ్డకట్టవచ్చును. అది ఊపిరితిత్తులకు ఎక్కినయెడల ప్రాణాపాయము. ఊపిరితిత్తులలో నెమ్ము చేరును. వీపున పుండ్లు లేచును. తొడ కండలు కరగిపోవును. అందుచేతనే వైద్యులు మరునాడే నిలువబెట్టుదురు. గంటగంటకు పాదములను పైకి క్రిందికి ఆడించుమని, గట్టిగా ఊపిరి తీయుమని చెప్పుదురు. పిక్క వాచి నొప్పెత్తినను, ఊపిరి ఆడకున్నను, కోసినచోట ఎరుపెక్కి చీము కారినను, జ్వరము వచ్చినను, ప్రార్థించుచునే వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఉదయమువరకు చూతమనరాదు.

మా సంఘములో డెబ్బది యేండ్లు దాటిన ఒక తల్లి యున్నది. బ్రదుకంతయు నాట్లు వేసి, కలుపు తీసి, సాయంకాలము కూటమునకు అందరికంటె ముందు వచ్చి చాపలు పరచునది. వానకాలమున తడి వాకిట జారిపడి తుంటి విరుగగా బంధువులు నాటుకట్టు కట్టింతమనిరి. అయితే తొడయెముక మెడవద్ద విరిగినయెడల బంతికి రక్తము పోవు త్రోవ తెగిపోవును. వృద్ధులలో అది కట్టుతో అతుకుట అరుదు. దేవుని కృపచేత ఆమె కుమారుడు వెంటనే పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయెను, శస్త్రచికిత్స జరిగెను. కష్టము తరువాత వచ్చినది. పడుదునేమో అను భయముచేత ఆమె మంచము దిగుట మానెను. కోడలు ప్రేమతో, "పడుకో అత్తా, అన్నీ నేను చూసుకుంటా" అనుచు అన్నియు మంచముమీదికే తెచ్చుచుండెను. నెల దాటినది. కాలు గట్టిపడక సన్నబడినది. కన్నులలోని వెలుగును సన్నగిల్లినది.

అప్పుడు ఆదివారపు బడిలో చదువు ఎనిమిదేండ్ల ఆమె మనుమరాలు ఒక పని చేసెను. ప్రతి సాయంకాలము బడినుండి వచ్చి, "నానమ్మా, వేపచెట్టు దాకా పోదాం రా" అని వాకరు తెచ్చి నిలువబెట్టెడిది. మొదటి దినము గడపవరకే. వారమునకు వాకిలి. మూడు వారములకు వేపచెట్టు. పిల్ల తొందరపెట్టదు, వదిలిపెట్టదు. రెండు మాసములు నిండిన ఆదివారమున ఆ తల్లి కర్ర ఊతగా గుడి మెట్లవద్దకు వచ్చినది. ఆ దినమున చాపలు మరియొకరు పరచిరి. ఆమె కుర్చీమీద కూర్చుండి, వచ్చినవారిని పేరుపేరున పలుకరించినది. యాకోబు పిల్లల నడకకు తగినట్లు నడచెదననెను గదా! మా గ్రామములో ఆ మాట అక్షరాల నెరవేరుట మేము చూచితిమి.

4. చేతికర్ర

యాకోబు చరిత్రలో కర్ర రెండుమారులు కనబడును. ఏశావును కలియుటకు ముందు చేసిన ప్రార్థనలో, తాను చేతికర్ర మాత్రము పట్టుకొని యొర్దాను దాటితినని, ఇప్పుడు రెండు గుంపులైతినని అతడు కృతజ్ఞతతో చెప్పెను. అది యౌవనపు కర్ర; నడకకు తోడు మాత్రమే. రెండవది వృద్ధాప్యపు కర్ర. హెబ్రీ పత్రిక పదునొకండవ అధ్యాయములో విశ్వాసవీరుల వరుసలో యాకోబును గూర్చి వ్రాయునపుడు, బావిమీద రాయి దొర్లించిన దినమును, పెనుగులాడిన రాత్రిని వ్రాయలేదు. మరణకాలమున యోసేపు కుమారులను దీవించి, కర్రమీద ఆనుకొని దేవునికి నమస్కారము చేసిన గడియనే వ్రాసెను.

ఇందులో చిత్రమైన సంగతి యొకటి యున్నది. ఆదికాండము నలువది యేడవ అధ్యాయపు కడపటి వచనములో మన బైబిలు మంచము అని చెప్పుచుండగా, హెబ్రీ పత్రిక కర్ర అని చెప్పుచున్నది. దీనికి కారణము, హెబ్రీ భాషలో ఆ రెండు మాటలకును హల్లులు ఒక్కటే: మేమ్, తేత్, హే. పూర్వము అచ్చులు వ్రాయు వాడుక లేదు. ఒక రీతిగా చదివిన మంచము, మరియొక రీతిగా చదివిన కర్ర. యూదుల పండితులు మంచమని చదివిరి. గ్రీకులోనికి తర్జుమా చేసినవారు కర్రయని చదివిరి. వేదాంత పాఠశాలలో దీనిని మేము పరీక్షకొరకు నేర్చుకొంటిమి. ఆసుపత్రి మంచముమీద పడుకొని, ప్రక్కన ఆనించియున్న కర్రను చూచుచున్నపుడు అది మాకు ప్రసంగమైనది. మంచమునకును కర్రకును అక్షరములు ఒక్కటే. మంచముమీదను నమస్కరింపవచ్చును, కర్రమీదను నమస్కరింపవచ్చును.

మా అయిదు గ్రామములలో గృహప్రార్థనలన్నియు చాపమీదనే. పేదవాని గుడిసెలో చాపమీద ప్రక్కప్రక్కన కూర్చుండుట మా పరిచర్యలో మాకు మిక్కిలి ప్రియమైనది. ఇప్పుడు వైద్యులు మమ్మును నేల కూర్చుండవద్దనిరి. మోకాళ్లూని ప్రార్థించుటయు చాలకాలము మానవలసి వచ్చెను. అందరు నేలనుండగా మేమొక్కరమే కుర్చీమీద, దొరవలె! దీనివలన కలిగిన దుఃఖము శస్త్రపు నొప్పికంటె ఎక్కువ. ఒక గుడిసెలో కుర్చీ లేక వారు ధాన్యపు బస్తాను నిలువబెట్టి దానిమీద దుప్పటి మడిచి వేసిరి. మేము కూర్చుండగా ఆ యింటి పెద్ద, "మీరెక్కడ కూర్చుంటే ఏంటయ్యగారూ, వచ్చారు గదా" అనెను. కర్రమీద ఆనుకొనిన యాకోబు నమస్కారము పరలోకమునకు చేరెను గదా. బస్తామీద కూర్చుండి చేసిన ప్రార్థనయు చేరును.

కర్ర పట్టుటలో ఒక కట్టడ యున్నది. అనేకులు నొప్పియున్న ప్రక్కనే కర్ర పట్టుదురు. అది సరికాదు. కుడి తుంటికి చికిత్స జరిగినవాడు ఎడమచేత పట్టవలెను. కుడికాలును ఎడమచేతి కర్రయును కలిసి ముందుకు సాగవలెను. అప్పుడు దేహము నొప్పివైపునకు ఒరుగక, నొచ్చిన తుంటిమీద బరువు మిక్కిలి తగ్గును. మెట్లు ఎక్కునపుడు మంచి కాలు ముందు వేయవలెను. దిగునపుడు చికిత్స జరిగిన కాలును కర్రయును ముందు దింపవలెను. ఎక్కుటలోను దిగుటలోను దేహమును మోయునది మంచి కాలే.

సంఘమను దేహమునకును ఇదే కట్టడ. బలహీనుడు తన ఊతను తానే పట్టుకొనవలెనని మనము చెప్పుదుము. దేవుడు దేహమును అట్లు చేయలేదు. ఊత బలమైన ప్రక్కననే యుండవలెను. ఒక అవయవము బాధపడునపుడు అన్నియు దానితోకూడ బాధపడునని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఇందుకే.

ఈ సందర్భమున డాక్టరు మేరీ వర్గీసు గారిని తలంచుట తగును. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యౌవనురాలైన వైద్యురాలుగా నుండగా 1954లో కారు ప్రమాదములో ఆమె వెన్నెముక దెబ్బతిని, కాళ్లు చచ్చుబడెను. ఆమె నడక మరల రాలేదు. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత అమెరికాలో ప్రత్యేక శిక్షణ పొంది వచ్చి, అంగవైకల్యము కలిగినవారిని మరల జీవితమునకు సిద్ధపరచు విభాగమును వేలూరులో నడిపించెను. 1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ యిచ్చెను. తనకు రాని నడకను ఇతరులకు ఇచ్చిన స్త్రీ ఆమె. మరల పూర్వమువలె తిరుగుటయే స్వస్థత అని తలంచువారు ఆమె జీవితమును చూడవలెను. తుంటి మార్చుకొనిన మనలో అనేకులము నడచెదము, పొలము పోయెదము, బండి నడిపెదము. కొందరము గంతులు వేయలేము, బస్తాలు ఎత్తలేము. దేవుడు ఇచ్చిన పని ఆ రెండు విధములవారికిని మిగిలియే యున్నది.

సంఘమునకు ఒక మాట

ధర్మశాస్త్రము మంచముమీది దినములకు వెల కట్టెనని చెప్పితిమి. మన గ్రామములలో తుంటి విరిగిన కూలిమనిషికి ఆ వెల ఎవరు చెల్లింతురు? కొట్టినవాడెవడును లేడు, తడి వాకిలి పరిహారమియ్యదు. అట్టిచోట క్రీస్తు ప్రేమచేత సంఘమే ఆ ఋణము తలకెత్తుకొనవలెను. మేము పడియున్నపుడు మా స్త్రీల సమాజపువారు ప్రతి వంటకు తీసియుంచు పిడికెడు బియ్యములో నుండి పాలు మా యింటికి పంపిరి. మా యింట అమ్మగారు కన్నీళ్లతో అందుకొని, తరువాత వారితో, కాపరి యింటికి వచ్చినట్లే కూలివాని యింటికిని రావలెనని చెప్పిరి. ఇప్పుడు ఆ నిర్ణయము పుస్తకములో వ్రాయబడియున్నది. ఎవరి యింట ఎముక విరిగినను మూడు మాసములు బియ్యము పోవును.

బియ్యము మాత్రమే చాలదు. ప్రతి సంఘమును ఒక వాకరును, ఒక కమోడు కుర్చీని, రెండు కర్రలను కొని గుడిలో ఉంచుకొనవచ్చును. ఒకరి తరువాత ఒకరికి అవి పనికివచ్చును. యౌవనులు రోగి యింట తడి నేలను, చిక్కు తీగలను, పొడుచుకొనియున్న రాళ్లను సవరింపవచ్చును. గుడిమెట్లకు ప్రక్కన చేతికి పట్టు కడ్డీ పెట్టింపవచ్చును. పరామర్శకు పోవువారు రోగి మంచముచుట్టు గంటలకొలది కూర్చుండి ఎవరెవరు ఎట్లు చనిపోయిరో చెప్పుట మాని, "రండి, వాకిలి దాకా నడుద్దాం" అని చెయ్యి ఇయ్యవచ్చును. ఇట్టి పదినిమిషముల నడక గంట ప్రార్థనకు విరోధము కాదు. అదియే ఆ ప్రార్థనకు ఆమేన్.

రోగులైన ప్రియులారా, మీకును ఒక మాట. యాకోబు ఐగుప్తునకు పోవునపుడు నడచిపోవలేదు. ఫరో పంపిన బండ్లు వచ్చెను. కుమారులు తండ్రిని ఆ బండ్లమీద ఎక్కించిరి. బావి రాతిని ఒంటరిగా దొర్లించినవాడు బండిలో కూర్చుండుటకు ఒప్పుకొనెను. ఆ బండ్లను చూచినపుడే అతని ప్రాణము తెప్పరిల్లెనని వ్రాయబడినది. కొన్ని దినములు నడచుడి. కొన్ని దినములు మోయబడుడి. నడచినను మోయబడినను, తీసికొనిపోవువాడు ఒక్కడే.

ప్రార్థన

మా పితరుల దేవా, యాకోబును తాకి దీవించిన ప్రభువా, మంచములమీద నున్న మా సహోదరులను జ్ఞాపకము చేసికొనుము. తొందరపడువారికి ఓర్పును, భయపడువారికి ధైర్యమును దయచేయుము. శస్త్రముపట్టు చేతులను, అడుగులు నేర్పు చేతులను, వాకిలివరకు నడిపించు చిన్ని చేతులను దీవించుము. మేము పరుగెత్తునపుడును, కుంటునపుడును, మోయబడునపుడును నీ సన్నిధినుండి మమ్మును తప్పనియ్యకుము. తిరిగి లేచి మాకొరకు ముందుగా నడచిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.